తేనెటీగలు లేని తేనె

ఇంటి పని ఒక కొలిక్కి వచ్చాక మధ్యాహ్నం దొరికే ఆ గంటలో నేను చదివేది ఎక్కువగా పాత గ్రీకుల గురించి, రోమన్ల గురించి. పిల్లలకు సోషల్ పుస్తకంలో అలెగ్జాండర్ పాఠం చెప్పడంతో మొదలైన ఇష్టం ఇది. పాఠం అయిపోయింది, పిల్లలు పై క్లాసులకు వెళ్ళారు, నా ఇష్టం మాత్రం పోలేదు. వాళ్ళ యుద్ధాల కంటే వాళ్ళు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ వస్తువు ఎక్కడినుంచి తెప్పించుకున్నారు అన్నదే నాకు ఆసక్తి. అలా చదువుతుంటే మా బోధన్ వాళ్ళెవరైనా ఆగి రెండోసారి చదివే సంగతి ఒకటి తగిలింది. చెరకు సంగతి.

అలెగ్జాండర్ క్రీ.పూ. 326లో పంజాబ్ దాకా వచ్చి, సైన్యం ఇక ముందుకు నడవనంటే వెనక్కి తిరిగాడు కదా. తిరుగు దారిలో ఆయన ఓడలను నడిపినవాడు నియార్కస్. సింధు నదిలోంచి సముద్రంలోకి దిగి, ఒడ్డు వెంబడే పర్షియా దాకా వెళ్ళాడు. దారిలో చూసినవీ విన్నవీ ఒక పుస్తకంగా రాశాడు. ఆ పుస్తకం ఇప్పుడు లేదు. దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత స్ట్రాబో అనే ఆయన తన భూగోళ గ్రంథంలో అందులోని కొన్ని మాటలు ఎత్తి రాసుకున్నాడు కాబట్టి మనకు ఆ కొంచెం మిగిలింది. అందులో ఒక మాట ఏమిటంటే, ఇండియాలో ఒక రకం రెల్లు ఉందట, తేనెటీగలు లేకుండానే అది తేనె ఇస్తుందట.

చదవగానే నవ్వొచ్చింది. చెరకు తోటల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకు ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ ఆయన వైపు నుంచి ఆలోచిస్తే నవ్వడానికేం లేదు. ఆ కాలంలో గ్రీకులకూ రోమన్లకూ తీపి అంటే తేనె. అది లేకపోతే ద్రాక్ష రసాన్ని సగానికో మూడో వంతుకో మరగబెట్టి పాకంలా దాచుకునేవాళ్ళు. బెల్లం లేదు, చక్కెర లేదు. రోమన్ల వంటల పుస్తకం ఒకటి అపీషియస్ పేరుతో ఇప్పటికీ ఉంది. అందులో తీపి కావాల్సిన చోటల్లా తేనే పడుతుంది, చక్కెర ఒక్కచోట కూడా కనిపించదు.

వాళ్ళ పిండివంటలు చూస్తే మనకు భలే దగ్గరగా ఉంటాయి. క్రీ.పూ. రెండో శతాబ్దంలో కాటో అనే పెద్దమనిషి వ్యవసాయం మీద ఒక పుస్తకం రాశాడు. ఎద్దుల గురించీ ఎరువుల గురించీ చెబుతూ మధ్యలో పిండివంటలు కూడా రాసిపెట్టాడు. అందులో గ్లోబి అని ఒకటుంది. జున్నునూ గోధుమ జాతి ధాన్యపు రవ్వనూ కలిపి ఉండలు చేసి, కాగుతున్న పంది కొవ్వులో ఒకసారికి ఒకటో రెండో వేసి, రెండు పుల్లలతో తిప్పుతూ వేయించి తీసి, తేనె పూసి, పైన గసగసాలు చల్లాలి. పంది కొవ్వు పక్కన పెట్టండి. పాకంలో ముంచి తీసిన మన గారెలు గుర్తుకు రావడం లేదూ? ఇంకొకటి లీబుం, దేవుడికి నైవేద్యంగా పెట్టే రొట్టె. బతుకమ్మకు మనం మలీద ముద్దలు చేసి తీసుకెళ్ళినట్టే. వంట ఒకటే, తీపి వేరు. వాళ్ళ తీపి తేనెపట్టులోంచి వచ్చేది, మన తీపి పొయ్యి మీద తయారయ్యేది. ఆ పొయ్యి సంగతి వాళ్ళకు తెలియలేదు.

క్రీస్తు శకం మొదటి శతాబ్దానికి చక్కెర గింజలు రోము దాకా చేరాయి. అప్పుడు ముగ్గురు పెద్దవాళ్ళు దాని గురించి రాశారు. డయోస్కోరిడీస్ గ్రీకు వైద్యుడు. ఇప్పటి టర్కీ ప్రాంతం వాడు. మూలికల మీద అయిదు భాగాల పుస్తకం రాశాడు. చక్కెరను ఆయన తేనెల వరసలో పెట్టాడు. ఇండియాలో, అరేబియాలో రెల్లు మీద దొరికే గడ్డకట్టిన తేనె అన్నాడు. ఉప్పులా ఉంటుంది, పంటి కింద ఉప్పులాగే పటుక్కుమంటుంది, నీళ్ళలో కలిపి తాగితే కడుపుకు మంచిది అని రాశాడు. ప్లినీ అన్నీ తెలుసుకోవాలనే తపన ఉన్న రోమన్ అధికారి. క్రీ.శ. 77 ప్రాంతంలో పూర్తయిన తన ప్రకృతి గ్రంథంలో చక్కెర అరేబియాలోనూ దొరుకుతుంది గానీ ఇండియాదే మేలురకం అన్నాడు. రెల్లులోంచి సేకరించిన తేనె, బంకలా తెల్లగా ఉంటుంది, పెద్ద గడ్డ అయితే హేజెల్ కాయంత, వాడకం మందుకు మాత్రమే. ఇదీ ఆయన రాసిన సారాంశం. మూడో ఆయన సెనెకా. తత్వవేత్త. ఒక ఉత్తరంలో ఇండియా రెల్లు ఆకుల మీద తేనె దొరుకుతుందంటారు, అది అక్కడి మంచు వల్లనో, రెల్లు లోపలి చిక్కటి రసం వల్లనో పుడుతుందేమో అన్నాడు.

వాళ్ళు చెప్పింది చక్కెర కాదు, వెదురు కణుపుల్లో దొరికే వెదురుప్పు అని వాదించిన పండితులు కూడా ఉన్నారు. కానీ వెదురుప్పు నీళ్ళలో కరగదు. డయోస్కోరిడీస్ నీళ్ళలో కరిగించి తాగమన్నాడు. వంటింట్లో డబ్బా మూత తీసి చూసే మనలాంటి వాళ్ళకు ఆ ఒక్క గుర్తు చాలు.

ఈ ముగ్గురి మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు దొరుకుతుంది అన్నారు. ఒకరు సేకరిస్తారు అన్నారు. ఒకరు మంచు వల్ల పుడుతుందేమో అన్నారు. ఎవరో చేస్తారు అని ఒక్కరూ అనలేదు. రంగు తెలుసు, రుచి తెలుసు, పంటి కింద చప్పుడు కూడా తెలుసు. దాని వెనక ఒక పొయ్యి, ఒక గరిటె, ఒక చెయ్యి ఉంటుందన్న ఊహే రాలేదు. చెట్టుకు జిగురు కారినట్టు చక్కెర దానంతటదే కారుతుందనుకున్నారు.

ఇది చదివిన రోజు మా అత్తమ్మను అడిగాను. ఆమె పుట్టింటి వాళ్ళు చెరకు వేసి సొంతంగా బెల్లం వండుకునేవాళ్ళు.

"అత్తమ్మా, చెరుకు రసం తీసినంక ఎంతసేపు ఆగొచ్చు?"

"ఆగుడేంది బిడ్డా? రసం తీసినంక పొయ్యెక్కాల్సిందే. ఆగితే పులుస్తది, బెల్లం గట్టిపడది. రాత్రా పగలా అని చూసేటోళ్ళం కాదు."

తర్వాత అరగంట చెప్పింది. గానుగకు ఎడ్లను కట్టడం, రసాన్ని పెద్ద కడాయిలోకి వడగట్టడం, పిప్పిని ఎండబోసి అదే మళ్ళీ పొయ్యిలోకి వాడటం. రసం కాగేటప్పుడు కాస్త సున్నపు తేట పోయాలి. మురికంతా తెట్టుగా పైకి తేలుతుంది. బెండ కట్టెలు నలిపిన జిగురు వేస్తే ఇంకా బాగా తేలుతుంది. ఆ తెట్టు తీస్తూనే ఉండాలి, లేకపోతే బెల్లం నల్లబడుతుంది. చివర్లో చల్లటి నీళ్ళలో చుక్క వేసి వేళ్ళతో ఉండ చేసి చూడాలి. మనం అరిసెలకు పాకం చూసినట్టే. ఒక్క నిమిషం ముందు దించితే మెత్తగా ఉంటుంది, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడుతుంది.

"మరి పాకం ఎవరు చూసేటోళ్ళు?" అన్నాను.

"పాకం చూసెటాయన వేరే ఉంటుండె. ఆయనకు పేరు. పిప్పి ఎండబోసుడు, పొయ్యికి అందిచ్చుడు, కడాయిలు తోముడు, వచ్చినోళ్ళకు వండిపెట్టుడు, అది మాది. దానికి పేరెక్కడిది?"

ఇదంతా బెల్లం దాకా. తెల్లటి గింజ కట్టిన శర్కర కావాలంటే పని ఇంకా ఉంది. రసాన్ని బెల్లం అంత గట్టిగా కాకుండా కొంచెం ముందే దించి, కుండల్లో పోసి రోజుల తరబడి కదిలించకుండా ఉంచాలి. లోపల గింజ కడుతుంది. తర్వాత ఆ మడ్డిని కారనివ్వాలి. ఉత్తరాదిలో ఖండసారి చేసేవాళ్ళు పైన చెరువు నాచు పరిచేవాళ్ళు. నాచులోని తేమ మెల్లగా దిగి గింజల చుట్టూ ఉన్న మడ్డిని కడిగి తెల్లబరుస్తుంది. ప్లినీ చేతికి వచ్చిన ఆ హేజెల్ కాయంత తెల్లటి గడ్డ వెనక ఇలాంటి పని ఎంతో ఉంది. చెరకు మొట్టమొదట సాగయింది న్యూగినీ వైపు అని శాస్త్రవేత్తలు అంటారు. రసాన్ని గింజగా మార్చే విద్య మాత్రం మన దేశంలో పుట్టింది.

ఆ విద్య ఎంత పక్కాగా ఉండేదో మన పాత పుస్తకాలు చూస్తే తెలుస్తుంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రాజుగారి కోష్ఠాగారంలో ఉండాల్సిన సరుకుల జాబితా ఉంది. అందులో చెరకు నుంచి వచ్చేవే ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని వరసగా ఉంటాయి. చిక్కటి పానకం నుంచి గింజ దాకా ఒక్కో మెట్టుకూ ఒక్కో పేరు. మత్స్యండిక అంటే చేప గుడ్లలాంటి గింజలున్నదట. పేరు పెట్టినవాళ్ళెవరో కడాయి పక్కన నిలబడి చూసినవాళ్ళే అయ్యుంటారు. ఖండం మన కలకండలో ఉంది. అదే పర్షియా, అరేబియా మీదుగా వెళ్ళి పిల్లలు కొనుక్కునే క్యాండీ అయింది.

శర్కర అంటే సంస్కృతంలో గరుకు ఇసుక, చిన్న గులకరాళ్ళు. చూడటానికి అలా ఉంటుందని ఆ పేరు. ప్రాకృతంలో సక్కర అయింది. దాన్నే విన్న గ్రీకు వ్యాపారులు సక్ఖరి అన్నారు, డయోస్కోరిడీస్ సక్ఖరోన్ అన్నాడు. 1753లో లిన్నేయస్ మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టినప్పుడు చెరకుకు సాకరం అఫిసినారం అన్నాడు. రెండో మాటకు మందుల కొట్టులో దొరికేది అని అర్థం. అంటే రోమన్లు చక్కెరను మందుగా వాడిన గుర్తు చెరకు పేరులోనే ఉండిపోయింది. ఇంకో దారిలో పర్షియాలో శకర్, అరబ్బుల దగ్గర సుక్కర్, ఇంగ్లీషులో షుగర్ అయింది. ఆంధ్ర వైపు బంధువులు పంచదార అంటారు గానీ, మా దగ్గర పెద్దవాళ్ళు ఇప్పటికీ శక్కరి అనే అంటారు. రెండు వేల ఏళ్ళ కింది గ్రీకు వ్యాపారి మా వీధి కిరాణా కొట్టు ముందు నిలబడి సక్ఖరి కావాలంటే కొట్టతను పొట్లం కట్టి ఇచ్చేస్తాడు.

ఆ మాట రాసిన గ్రీకు వ్యాపారి పేరు మనకు తెలియదు. ఈజిప్టులో ఉండేవాడు. మొదటి శతాబ్దం మధ్యలో ఎర్ర సముద్రం నుంచి ఇండియా దాకా ఏ రేవులో ఏం దొరుకుతుందో, ఏం అమ్ముడుపోతుందో చిన్న చిన్న అధ్యాయాలుగా రాసిపెట్టాడు. దాన్ని ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్ అంటారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన పుస్తకం అది. ఎందుకంటే అందులో గొప్పలు లేవు, సరుకులున్నాయి. గుజరాత్ తీరం నుంచి, ముఖ్యంగా భరూచ్ రేవు నుంచి, ఆఫ్రికా వైపు వెళ్ళే ఓడల్లో ఏముంటాయో ఒకచోట చెబుతాడు. గోధుమలు, బియ్యం, నెయ్యి, నువ్వుల నూనె, నూలు బట్టలు, సక్ఖరి అనే రెల్లు తేనె. నెల మొదట్లో మనం రాసుకునే సామాను చిట్టీలాగే లేదూ?

అదే పుస్తకంలో మా వైపు నీళ్ళు కూడా ఉన్నాయి. భరూచ్ నుంచి దక్షిణంగా ఇరవై రోజుల ప్రయాణంలో పైఠాన్, అక్కడినుంచి తూర్పుగా పది రోజుల్లో తగర అనే పెద్ద ఊరు ఉన్నాయని రాశాడు. పైఠాన్ గోదావరి ఒడ్డున శాతవాహనుల రాజధాని. తగర అంటే ఇప్పటి మహారాష్ట్రలోని తేర్, తేర్నా నది ఒడ్డున. తగర నుంచి మామూలు బట్ట, సన్న బట్ట చాలా వస్తాయని, దారీతెన్నూ లేని నేల మీద బండ్లలో భరూచ్ దాకా తోలుకెళ్తారని చెప్పాడు. ఆ తేర్నా మంజీరలో కలుస్తుంది. మంజీర నిజాంసాగర్ దాటి మా బోధన్ పక్కగా వచ్చి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆయన మా ఊరి పేరు రాయలేదు. కానీ చాలామంది చరిత్రకారులు బోధన్‌ను అశ్మక జనపదపు రాజధాని పోదనగా గుర్తించారు. పాత 16 మహాజనపదాల్లో దక్షిణాదిన ఉన్నది అదొక్కటే. గ్రీసులో ఏథెన్స్, స్పార్టా ఎదుగుతున్న కాలానికే ఇక్కడ ఒక రాజ్యం పేరు తెచ్చుకుంది.

తగర బట్ట రోమన్ల ఒంటి మీదికి చేరింది. ఇంకొకటి కూడా చేరింది. 1938లో ఇటలీలోని పాంపే శిథిలాల్లో జానెడు కంటే కాస్త పొడుగున్న దంతపు బొమ్మ దొరికింది. ఒంటినిండా నగలతో నిలబడిన మన దేశపు స్త్రీ, పక్కన ఇద్దరు చెలికత్తెలు. అచ్చం అలాంటి పోలికలతో దంతపు బొమ్మలు తేర్‌లోనూ, మహారాష్ట్రలోనే ఉన్న భోకర్దన్‌లోనూ దొరకడంతో అది దక్కను వైపు చేసిందే అయ్యుంటుందని పండితులు అంటారు. పాంపేను క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదతో కప్పేసింది. చక్కెర గురించి రాసిన ప్లినీ చనిపోయింది కూడా ఆ విస్ఫోటనంలోనే. బొమ్మ నేపుల్స్ మ్యూజియంలో భద్రంగా ఉంది. చెక్కిన చెయ్యి ఎవరిదో ఎవరికీ తెలియదు.

ప్లినీ మరో మాట అన్నాడు. అది చెప్పకుండా ఉండలేను. ఇండియా, చైనా, అరేబియా కలిసి ఏటా రోము నుంచి పది కోట్ల సెస్టెర్సుల సొమ్ము లాగేస్తున్నాయని లెక్క వేసి, మన విలాసాలకూ మన ఆడవాళ్ళకూ అవుతున్న ఖర్చు ఇదీ అని వాపోయాడు. మిరియాలు మగవాళ్ళు తినలేదా, సాంబ్రాణి గుళ్ళలో మగ పూజారులు వెయ్యలేదా? కొనేవాళ్ళ లెక్కలో మాత్రం ఆడవాళ్ళు ముందు కనిపించారు. మరి చేసేవాళ్ళ లెక్కలో? పట్టు గురించి అదే ప్లినీ చైనా వాళ్ళు చెట్టు ఆకుల మీది నూగును నీళ్ళు చల్లి దువ్వి తీస్తారని రాశాడు. పట్టుపురుగును పెంచి, కాయను ఉడకబెట్టి, దారం తీసే పని అక్కడి ఇళ్ళలో ఆడవాళ్ళది. రోము చేరేసరికి ఆ పనంతా ఎగిరిపోయి, ఆకు మీది నూగు మిగిలింది. చెరకుకు జరిగిందే.

నాకు ఇక్కడ ఒక విషయం అర్థమైంది. వస్తువు ఎంత దూరం వెళ్తే దాన్ని చేసిన చెయ్యి అంత త్వరగా మాయమవుతుంది. దూరం అంటే వేల మైళ్ళే కానక్కర్లేదు. వంటింటికీ భోజనాల బల్లకూ మధ్య ఉన్న దూరం కూడా చాలు. బల్ల మీదికి వచ్చిన అన్నం దానంతటదే ఉడికిందనుకునేవాళ్ళు మన ఇళ్ళలో లేరా? నియార్కస్ ఒక్కడినే అనడం దేనికి?

అలాగని పాతవాళ్ళందరూ పని చూడలేదనడం న్యాయం కాదు. రోములో క్లాడియా అనే ఒక ఇల్లాలి సమాధి మీద క్రీ.పూ. రెండో శతాబ్దంలో చెక్కిన మాటలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. భర్తను ప్రేమించిందని, ఇద్దరు కొడుకుల్ని కన్నదని, వారిలో ఒకడు బతికున్నాడని, ఒకడు మట్టిలో ఉన్నాడని, మాట మర్యాద తెలిసిన మనిషని రాసి, చివరగా ఇల్లు చూసుకుంది, ఉన్ని వడికింది అని చెక్కించారు. రాజులు, సేనాపతులు గెలిచిన యుద్ధాల పక్కన ఒక ఆడమనిషి వడికిన ఉన్ని కూడా రాతి మీదికి ఎక్కింది. ఎవరో ఒకరు రాయాలనుకున్నారు కాబట్టి ఎక్కింది.

చైనా చక్రవర్తి తైజోంగ్ ఇంకో పని చేశాడు. చక్కెర రుచి చూసి ఊరుకోలేదు. 647లో మగధకు మనుషుల్ని పంపి, దాన్ని ఎలా చేస్తారో నేర్చుకుని రమ్మన్నాడని వాళ్ళ రాజ్య చరిత్రల్లో ఉంది. అంటే అది చెట్టు మీద మంచులా పడేది కాదని, చేతుల్లో ఉన్న విద్య అని ఆయనకు తెలుసు.

ఆ తర్వాత చక్కెర చరిత్రలో చేతుల కథ బాధాకరమైనది. అరబ్బులు చెరకును మధ్యధరా సముద్రం దాకా తీసుకెళ్ళారు. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో దాన్ని అట్లాంటిక్ దాటించాడు. కరీబియన్ దీవుల్లో, బ్రెజిల్లో తోటలు వేసి, వాటిలో పనికి ఆఫ్రికా నుంచి లక్షల మందిని బానిసలుగా తెచ్చారు. బానిసత్వం రద్దయ్యాక మన దేశం నుంచి కూలీలను తీసుకెళ్ళారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళు తక్కువేం కాదు. మారిషస్‌లో తెలుగువాళ్ళకు కోరంగి రేవు పేరు మీదుగా కోరంగివాళ్ళన్న పేరే స్థిరపడింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలను తీసుకుని డర్బన్ చేరింది. ఫిజీకి 1903 నుంచి మద్రాసు వైపు వాళ్ళు వెళ్ళారు. రోమన్లు మందుగా గుండ కొంచెం నీళ్ళలో వేసుకున్న చక్కెర, ఇంగ్లండులో రోజూ టీలో పడే సరుకైంది. కప్పులో కలిపేవాళ్ళకు చెరకు కొట్టే చెయ్యి అప్పుడు కూడా కనిపించలేదు.

ఇప్పుడు మా ఊరికి వస్తాను. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ దాని ఇంజనీరు. నీళ్ళు వచ్చాయి, చెరకు పొలాలు పెరిగాయి. 1937లో చివరి నిజాం కాలంలో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. దాని చుట్టూ వెలసిన కాలనీకి శక్కర్‌నగర్ అని పేరు పెట్టారు. సంస్కృతంలో శర్కరగా బయల్దేరిన మాట పర్షియా తిరిగి, ఉర్దూలో శక్కర్ అయి, ఒక ఊరి పేరుగా మళ్ళీ మంజీర పక్కకు చేరింది. చెరకు సీజన్‌లో రోడ్ల నిండా బండ్లు, ట్రాక్టర్లు, గాలిలో మడ్డి వాసన, సైరన్ మోతను బట్టి టైము చూసుకునే ఇళ్ళు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు ఉన్న పొలాల్లో ఇప్పుడు ఎక్కువగా వరి కనిపిస్తుంది.

మూతపడటం గురించి పేపర్లలో చాలా వచ్చింది. టన్నులు, బకాయిలు, కోర్టు కేసులు, ఎన్నికల హామీలు. అవి రాయాల్సినవే. కానీ చెరకు గడలు నాటేటప్పుడు ఏ కణుపు పైకి ఉండాలో, ఆకు రాసుకుని చేతులు కోసుకుపోతే ఏం పూసుకునేవాళ్ళో, తెల్లవారుజామున కలుపుకు వెళ్ళే ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టేవాళ్ళో, రాత్రి షిఫ్టుకు వెళ్ళే భర్తకు ఏ టైముకు సద్ది కట్టేవాళ్ళో, జీతం ఆగిపోయిన నెలల్లో ఇల్లు ఎలా నడిపారో నేను ఎక్కడా చదవలేదు. అవన్నీ తెలిసినవాళ్ళు ఇంకా మన వీధుల్లోనే ఉన్నారు. డెబ్బై దాటినవాళ్ళు ఎక్కువ.

మా చిన్నది ఆ మధ్య సూపర్ మార్కెట్లో చక్కెర ప్యాకెట్ చూపించి, దీన్ని ఏ కంపెనీ పండిస్తుందని అడిగింది. కంపెనీ పండించదు బిడ్డా అని చెప్పాను. కానీ దాని ప్రశ్నలో వింతేం లేదు. దాని కళ్ళ ముందు గానుగ లేదు, పొగ వచ్చే గొట్టం లేదు. నియార్కస్ సింధు ఒడ్డున నిలబడినట్టే ఇది ప్యాకెట్ ముందు నిలబడింది. శక్కర్‌నగర్‌కు నాలుగు వీధుల అవతల పెరుగుతున్న పిల్లకే ఇలా ఉంటే, ఇంకో ఇరవై ఏళ్ళకు మా చెరకు గురించి రాసేవాళ్ళు ఏం రాస్తారో ఊహించుకోవచ్చు. ఇక్కడ ఒకప్పుడు చక్కెర దొరికేదట అని రాస్తారు.

అందుకే అత్తమ్మ చెప్పినవి ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. సున్నపు తేట ఎంత, తెట్టు ఎన్నిసార్లు తీయాలి, పిప్పి ఎన్ని ఎండలు ఎండాలి అన్నీ ఆమె మాటల్లోనే. నా చేతిరాత చూసి, "గిదంతా రాసుడెందుకు బిడ్డా, అందరికి ఎరికేనాయె" అంటుంది. అందరికీ ఎరికే అన్నదే మొదట పోతుందని ఆమెకు ఎలా చెప్పను? ఇంకో రెండు మాటలు అడుగుతాను, చెబుతుంది, రాసుకుంటాను.

మీ ఇంట్లో బెల్లం వండినవాళ్ళు, చెరకు కొట్టినవాళ్ళు, ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు ఉంటే ఈ సంక్రాంతికి గరిజెల పిండి కలుపుతూ కూర్చున్నప్పుడు అడగండి. చెరకు లేని ఊరైతే బీడీలు చుట్టినవాళ్ళను, పసుపు ఉడకబెట్టినవాళ్ళను అడగండి. పేరుతో సహా, ఊరితో సహా రాసిపెట్టండి. పెద్ద భాష అక్కర్లేదు. ఇల్లు చూసుకుంది, ఉన్ని వడికింది అన్నంత చిన్న మాటలు చాలు. అవి రెండు వేల ఏళ్ళు నిలిచాయి.